ఆవిరి పట్టిన మూత

పొయ్యి మీద చారు తెర్లగానే మొదటి గరిటె భర్త టొమెకిచి గిన్నెలో పడాలి. ఫుసా ఇంట్లో అది కదలని నియమం. నల్ల లక్క గిన్నెలో పొగలు కక్కే మిసో చారు పోసి, వెంటనే మూత పెట్టేది. పక్కన అన్నం, రెండు ముల్లంగి ఊరగాయ ముక్కలు, తినే పుల్లలు సర్ది, కిటికీ వైపు ఆయన కూర్చునే చోట పళ్ళెం పెట్టేది. ఆ తర్వాతే తను తినేది. తినడం అయ్యాక ఆ మూత తీసి వెలుతురులో తిప్పి చూసుకునేది. లోపలివైపు ఆవిరి చుక్కలు కట్టి ఉంటే, ఎక్కడో ఉన్న మనిషి క్షేమంగా ఉన్నట్టు.

దూరం వెళ్ళినవాళ్ళకి ఇంట్లో ఆడవాళ్ళు అలా పళ్ళెం పెట్టడం హచినొహె రేవులో పాత అలవాటే. యుద్ధకాలంలో ఫుసా తల్లి తన పెద్దకొడుక్కి పెట్టింది. యుద్ధం ముగిసినా కొడుకు రాలేదు. ఊరంతా ఇక చాలించమన్నారు. ఆవిడ వినలేదు. మూడేళ్ళకి సైబీరియా చెర నుంచి వచ్చాడు, నోట్లో సగం పళ్ళు లేకుండా. వచ్చినవాడు నేరుగా పళ్ళెం ముందు కూర్చుని, ఎవరినీ పలకరించకుండా, తనకోసం పెట్టిన అన్నం తిన్నాడు. అప్పటికి ఫుసాకి ఇరవై రెండేళ్ళు. ఆ దృశ్యం ఆమె కళ్ళలో నుంచి పోలేదు.

పోయినవాళ్ళకి పెట్టే అన్నం వేరు. అది పూజ అరలో, నల్ల రిబ్బను కట్టిన ఫోటో ముందు పెడతారు. దానికి మూత ఉండదు.

టొమెకిచి ఎక్కిన పడవ రెండేళ్ళ కిందట శరదృతువులో ఉత్తర సముద్రంలోకి వెళ్ళింది. ఒక చెక్క ముక్క కూడా తిరిగి రాలేదు. మత్స్యకారుల సంఘం వాళ్ళు ఒక వేసవి అంతా ఆగి, అందరికీ కలిపి కర్మ జరిపించారు. ఎముకలు లేవు కాబట్టి ఒడ్డున ఏరిన గులకరాయిని ఒక్కో తెల్ల పెట్టెలో పెట్టి ఒక్కో ఇంటికి ఇచ్చారు. ఫుసా గుడి దాకా వెళ్ళింది, వచ్చినవాళ్ళకి టీ పోసింది, చెప్పులు సర్దింది, తన పెట్టె మాత్రం తీసుకోకుండా ఇంటికి వచ్చేసింది. ఎవరూ బలవంతం చేయలేదు. ఆ పెట్టె గుడిలోనే ఉండిపోయింది.

అదే పడవలో భర్తను పోగొట్టుకున్న కుమె మాత్రం తన పెట్టె తెచ్చుకుంది. సందు చివర ఆమెకో చిన్న బార్ ఉంది, ఆరుగురు కూర్చుంటే నిండిపోతుంది. భర్త ఫోటోని సీసాల అరకి పైన పెట్టుకుంది. "బతికుండగా ఈ సీసాల దగ్గర నుంచి లేపలేకపోయాను, ఇప్పుడెందుకు లేపడం" అనేది వచ్చినవాళ్ళతో. నవ్వేది. ఆ నవ్వు ఎక్కువసేపు ఉండేది కాదు.

ఫుసాకీ టొమెకిచికీ ఒక్కతే కూతురు, తమయో. ఆమెకి తండ్రి గొంతు వచ్చింది. పద్దెనిమిదేళ్ళకి టోక్యో వెళ్ళి ఒక సంగీత దర్శకుడి ఇంట్లో శిష్యురాలిగా చేరింది. శిష్యరికం అంటే ముందు ఆ ఇంటి అంట్లు తోమడం, పిల్లల్ని బడికి దించడం, మాస్టారి కుక్కని తిప్పడం. పాట ఎప్పుడో ఒకప్పుడు. తొమ్మిదేళ్ళలో రెండు రికార్డులు వచ్చాయి, వచ్చిన చప్పుడు కూడా లేకుండా పోయాయి. మూడోది షోవా శకం యాభై రెండో సంవత్సరం, అంటే 1977లో, ఫిబ్రవరి మంచులో వచ్చింది. పేరు "నల్ల అలల రేవు". ఉత్తరాన ఒక రేవులో రాని పడవ కోసం దీపం పెట్టుకుని నిలబడ్డ ఆడమనిషి పాట. రాసినాయన సముద్రం పక్కన ఒక్క రాత్రి కూడా పడుకుని ఉండడు, కానీ ఏడిపించడం తెలిసినవాడు.

ఆ నెలలోనే తమయో కుమె బార్‌కి ఫోన్ చేసి తల్లిని పిలిపించుకుంది. ఫుసా ఇంట్లో ఫోన్ లేదు.

"అమ్మా, ఇదే ఆఖరుదట. ఈ ఏడు లోపల ఆడితే ఇంకో రికార్డు ఉంది. లేకపోతే ఇంటికి పొమ్మన్నారు."

"ఇంటికొస్తే ఏమైంది? చేపల షెడ్డులో మనుషులు కావాలంటున్నారు."

"అమ్మా!"

"సరే సరే. నన్నేం చెయ్యమంటావ్?"

"వైరు రేడియోకి ఫోన్ చేసి ఆ పాట అడుగు. అందరిచేతా అడిగించు."

బార్లలో, క్షవరం షాపుల్లో గోడకి ఒక పెట్టె ఉండేది. పట్నంలో ఒక గదిలో అమ్మాయిలు కూర్చుని, ఫోన్‌లో ఎవరే పాట అడిగితే ఆ రికార్డు వేసేవాళ్ళు. అది తీగ వెంట వచ్చి అన్ని పెట్టెల్లోనూ మోగేది. ఎక్కువమంది అడిగిన పాట ఏదో వారం వారం లెక్క కట్టేవాళ్ళు. పేరు లేని పాటగాళ్ళకి అదే గుమ్మం. వాళ్ళ తల్లులూ అత్తలూ బార్ల ఆడవాళ్ళూ కలిసి తోసి తోసి ఆ గుమ్మం తెరిపించేవాళ్ళు.

ఫుసా చేపలు చీల్చే షెడ్డులో పని చేసేది. మధ్యాహ్నం విరామంలో చేతులు కడుక్కుని, పొగాకు కొట్టు ముందున్న ఎర్ర ఫోన్ దగ్గరికి పరిగెత్తేది. మొదటిరోజు పాట పేరే మర్చిపోయింది.

"అదేనండీ, రేవు మీద ఆడమనిషి నిలబడి ఉంటుంది, పడవ రాదు..."

"అమ్మా, మా దగ్గరున్న పాటల్లో సగం అవే" అంది స్టేషన్ అమ్మాయి.

మర్నాటి నుంచి పేరు కంఠస్థం చేసుకుని వెళ్ళింది.

"ఇందాక చేసింది మీరే కదూ?"

"కాదండీ. అది మా చెల్లెలు."

"మరి పొద్దున్న?"

"అది... పెద్ద చెల్లెలు."

అవతల ఆ పిల్ల నవ్వు ఆపుకోవడం వినిపించింది. అయినా పాట వేసింది. షెడ్డులోకి తిరిగొచ్చి కత్తి పట్టుకునేసరికి ఎదురుగా ఉన్న క్షవరం షాపులోంచి తన కూతురి గొంతు రోడ్డు దాటి వచ్చింది. ఫుసా తల ఎత్తలేదు. చేతిలో చేప జారిపోయింది.

"వదినా, నీ కూతురు మా గోడలోంచి పాడుతోంది!" అని సాయంత్రం కుమె సందులో అరిచింది. "మా తాగుబోతుల చేత తలా ఒక ఫోన్ చేయించాను. ఫోన్ చెయ్యని వాడికి రెండో సీసా లేదన్నాను."

"ఏం పాటలే, ఊళ్ళో వాళ్ళకి చెవి నొప్పి" అంది ఫుసా. సొంత పిల్లని నలుగురిలో మెచ్చుకోవడం ఆ ఊళ్ళో మర్యాద కాదు.

"అబ్బో, నా దగ్గర కూడానా? మీ ఇంట్లో రికార్డు వినడానికి యంత్రం లేక, మా మెట్ల మీద కూర్చుని వింటావు చూడు, అది నాకు తెలీదనుకోకు."

ఆ వసంతంలోనే రష్యా వాళ్ళు ఒడ్డు నుంచి రెండొందల మైళ్ళ దాకా సముద్రం తమదని గీత గీశారు. హచినొహె పడవలు తాళ్ళకి కట్టుబడి రేవులో ఊరికే ఊగుతూ ఉండిపోయాయి. పని లేని మగవాళ్ళు బార్లలో కూర్చున్నారు. పాత రేవు పాటలు, కొత్త రేవు పాటలు, ఏది పెట్టినా వాళ్ళకి నచ్చేవి. పిల్లలకి మాత్రం అవేవీ పట్టలేదు. మెరిసే బట్టలు వేసుకుని ఇద్దరమ్మాయిలు కాళ్ళు విసురుతూ ఆడే పాటలు ఆ ఏడు టీవీలో ఒకటే మోత. చేపల తొట్ల మధ్య ఆడపిల్లలందరూ అవే ఆడేవాళ్ళు. జూలైలో ఇంకో ముగ్గురమ్మాయిల జట్టు, మంచి పేరు మీద ఉండగానే, ఇక పాడలేం, మామూలు పిల్లల్లా బతుకుతాం అని సభలో ఏడ్చేసింది. దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది.

"విన్నావా అమ్మా?" అంది తమయో, ఆగస్టులో ఇంటికి వచ్చినప్పుడు. "వాళ్ళు మామూలు మనుషులవుతారట. నేను మామూలు మనిషినవ్వాలన్నా ముందు పేరు రావాలి."

ఆమె సెలవు మీద రాలేదు. పాటని అమ్మడానికి వచ్చింది. కంపెనీ మనిషి ఇకెగమి వెంట ఉన్నాడు. నలభై ఏళ్ళవాడు, మెత్తటి మాట, ఎప్పుడూ చేతిలో మడిచిన రుమాలు. నెలల తరబడి ఇద్దరూ రైళ్ళలో తిరుగుతూ, ఊరూరా రికార్డు షాపుల ముందు నిలబడి పాడి, చేత్తో అమ్ముకుంటున్నారు. హచినొహెలో చేపల మార్కెట్టు ముందు డబ్బా ఒకటి బోర్లించి, మీద ఎర్ర గుడ్డ పరిచి, దానిమీద తమయోని నిలబెట్టారు. భుజం నుంచి నడుముకి పట్టీ. దానిమీద కంపెనీ పెట్టిన పేరు, షియోజకి మాకి. వాడలో వాళ్ళందరికీ ఆమె తమయోనే. "తమా, చిక్కిపోయావే" అని ముసలమ్మలు డబ్బా దగ్గరికి వచ్చి పిక్కలు పట్టి చూశారు.

ఫుసా టీ కెటిల్ పట్టుకుని జనం వెనక నిలబడింది.

ఇకెగమి మైకు అందుకున్నాడు. "రెండేళ్ళ కిందట ఈ సముద్రమే ఈ అమ్మాయి తండ్రిని మింగేసింది. కీర్తిశేషులు షిమమొరి టొమెకిచి గారి ఆత్మకి వినిపించాలని, ఇవాళ ఆయన రేవులో, ఆయన బిడ్డ..."

జనం తలలు వెనక్కి తిరిగాయి. అందరూ ఫుసానే చూశారు. ఆ రెండేళ్ళలో ఎవరూ ఆమె ఎదుట అనని మాటని ఆయన మైకులో అనేశాడు. ఫుసా నడుము వంచి అందరికీ నమస్కారం చేసింది. అలాంటప్పుడు ఆ ఊళ్ళో ఎవరైనా చేసేది అదే. కెటిల్ మూతి లోంచి వేడి టీ ఒలికి పాదం మీద పడింది.

తమయో బాగా పాడింది. మగవాళ్ళు కూడా ముక్కులు చీదారు. తెచ్చిన రికార్డులన్నీ అక్కడే అమ్ముడుపోయాయి.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తల్లి పళ్ళెం సర్దుతోంది. తమయో గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంకా పెడుతున్నావా?"

"పెట్టకేం?"

"అమ్మా, ఆ మాటలు నేను రాయలేదు. రికార్డు అట్ట మీద కూడా వాళ్ళే వేశారు."

"నేనేమైనా అన్నానా?"

"అనవు. అదే కదా." తమయో పట్టీ విప్పి మడిచింది. మడత సరిగ్గా రాలేదు, మళ్ళీ విప్పింది. "రోజుకి నాలుగు చోట్ల అమ్మా. నాలుగు చోట్లా పాటకి ముందు నాన్న చచ్చిపోవాలి. లేకపోతే ఎవరూ ఆగరు. నేను నవ్వుతూ నిలబడాలి. నువ్విక్కడ అన్నం పెడుతుంటావు, నేనక్కడ చంపుతుంటాను."

ఫుసా మూత తీసి చూసింది. చుక్కలు ఉన్నాయి. కూతురి వైపు తిప్పి చూపించింది. తమయో చూడలేదు. వీపు తిప్పి పడుకుంది. భోజనం చేయమన్నా లేవలేదు.

శరదృతువు వచ్చేసరికి పాట లేచింది. ఉత్తరాది జిల్లాల వైరు రేడియోలో మొదటి ఇరవైలోకి వచ్చింది, తర్వాత పదిలోకి. కుమె బార్‌లో కొత్తగా తెచ్చిన పాడే యంత్రంలో కూడా ఆ పాట టేపు వేశారు. వాన కురిసే ఒక మధ్యాహ్నం ఇకెగమి మళ్ళీ వచ్చాడు, తీపి డబ్బా పట్టుకుని. ఈసారి ఒక్కడే.

"అమ్మగారూ, సెందాయ్‌లో డిసెంబరులో టీవీ వాళ్ళ పాటల కార్యక్రమం ఉంది. ఈ ఏడాదిలో ఆడిన పాటలు. దేశమంతా చూస్తారు. మాకి... తమయోకి చోటు వచ్చేలా ఉంది."

"మీ దయ. మా పిల్లకి అంత అర్హత లేదు."

"ఒక్క విషయం ఉందండీ." అతను రుమాలు తీశాడు. ముఖం తుడుచుకోలేదు, ఊరికే మడిచాడు. "పాట మధ్యలో వెనక తెర లేస్తుంది. మీరు వస్తారు. నాన్నగారి ఫోటో పట్టుకుని. నల్ల రిబ్బనుతో. ఒక్క నిమిషం. పాపకి ముందు చెప్పం. చూసి ఏడుస్తుంది, ఏడుస్తూ రెండో చరణం పాడుతుంది. వాళ్ళకి కావలసింది అది. మీరు కాదంటే ఆ చోటు ఇంకో అమ్మాయికి ఇస్తారు. ఆ అమ్మాయికి తల్లి లేదు, అమ్మమ్మ ఉంది. అమ్మమ్మ ఒప్పుకుంది."

ఫుసా వంటింటి వైపు చూసింది. పొద్దుటి గిన్నె బోర్లించి ఉంది.

"ఆయన ఫోటో... అలాంటిది మా దగ్గర లేదండీ."

"తెలుసండీ. తమయో చెప్పింది." ఇకెగమి చాప మీద రెండు చేతులూ ఆన్చి, నుదురు నేలకి తగిలేలా వంగాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. "తొమ్మిదేళ్ళండీ. ఆ పిల్ల తొమ్మిదేళ్ళు ఆగింది. నేను చాలామందిని రైలెక్కించి ఇంటికి పంపాను. ఈ పిల్లని పంపాలని లేదు."

అతను చెడ్డవాడైతే ఫుసాకి తేలికగా ఉండేది. వంగిన ఆ తల వెనక జుట్టు పల్చబడి ఉంది.

"లేవండి" అంది. "వస్తాను."

టొమెకిచి ఫోటో ఒక్కటే ఉంది. పడవ మీద తోటివాళ్ళతో, తలకి తువ్వాలు చుట్టుకుని, ఏదో తింటూ నవ్వుతున్నది. కుమె ఆమెని వెంటబెట్టుకుని ఫోటోగ్రాఫరు దగ్గరికి తీసుకెళ్ళింది. అతను అలవాటైన పనిలా తల ఒక్కటీ కత్తిరించి, తువ్వాలు ఉన్నచోట జుట్టు గీసి, మెడ కింద వంశ ముద్రలున్న నల్ల కిమోనో అతికించాడు. రేవులో పోయినవాళ్ళందరి ఫోటోలకీ అదే కిమోనో.

"మా ఆయనకీ ఇదే" అంది కుమె. "చూడు, వీళ్ళిద్దరూ ఒకే బట్ట ఎలా పంచుకున్నారో."

ఫుసా చట్రం అందుకుని చూసింది. టొమెకిచి జన్మలో అలాంటి బట్ట కట్టలేదు. నవ్వుతున్న నోటిని కూడా ఫోటోగ్రాఫరు మూసేశాడు. అది ఎవరి ముఖమో ఆమెకి కాసేపు తెలియలేదు.

"వదినా, నేను సెందాయ్ వెళ్ళినరోజు పళ్ళెం పెట్టగలవా?"

కుమె ఆగిపోయింది. రోడ్డు మధ్యలో, మంచు పడుతుండగా. "ఏమన్నావ్? ఆ చంకలో చావు ఫోటో పెట్టుకుని, నాతో అన్నం పెట్టమంటున్నావా?"

"ఒక్కరోజు."

"నేను పెట్టనా మా ఆయనకి? నాకు తెలీదా పెట్టడం? నాకూ రెండు చేతులున్నాయి. రాయి ఇచ్చారు, తెచ్చుకున్నాను. ఎందుకంటే రోజూ ఆ మూత తీసి చూసే గుండె నాకు లేదు." ఆమె ముక్కు తుడుచుకుంది. "ఎన్నింటికి పెట్టాలి?"

"పొద్దున్నే. చారు తెర్లగానే మొదటి గరిటె."

"తెలుసులే."

టీవీ వాళ్ళ హాలులో ఫుసాని తెర వెనక ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరో వచ్చి ముఖానికి పౌడరు అద్దారు. చట్రం గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు ఆ గుడ్డకి, టొమెకిచి పడవ తాళ్ళకి వేసే ముడి వేసింది, అలవాటుగా, తడిసినా జారనిది. అవతల వాద్యాలు మొదలయ్యాయి. కూతురి గొంతు అంత దగ్గరగా, అంత పెద్దగా ఆమె ఎప్పుడూ వినలేదు. మొదటి చరణం అయిపోయింది. ఇకెగమి పక్కకి వచ్చి, గుడ్డ తీసేయండి అని సైగ చేశాడు. ఫుసా ముడి మీద వేళ్ళు పెట్టింది. ఆ ముడిని ఆమె కళ్ళు మూసుకుని విప్పగలదు. విప్పలేదు.

తెర లేచింది.

వెలుతురు కళ్ళలో కొట్టింది. కార్యక్రమం నడిపే ఆయన ఏదో గట్టిగా అంటున్నాడు, సముద్రం, తండ్రి, ఎడబాటు. తమయో వెనక్కి తిరిగింది. తల్లిని చూసింది, ఒళ్ళో ఆ మూటని చూసింది. ఆ ఆకారాన్ని బట్టి అదేమిటో ఆమెకి వెంటనే అర్థమైంది. పెదవులు తెల్లబడ్డాయి.

"అమ్మగారూ, నాన్నగారిని మాకందరికీ చూపించండి" అని ఆయన మైకు పట్టాడు.

ఫుసా నోరు తెరిచింది. ఏం అనాలో ఇకెగమి నేర్పాడు. రైల్లో దారి పొడుగునా వల్లెవేసింది. ఆ మాట రాలేదు.

"ఆయన ఇంకా ఇంటికి రాలేదండీ" అంది. "పొరపాటైపోయింది. వచ్చాక చూపిస్తాను."

హాలులో ఎవరో నవ్వారు, వెంటనే ఆపేశారు. వాద్యాలవాళ్ళు ఆగలేదు, వాళ్ళకి ఆగమని ఎవరూ చెప్పలేదు. రెండో చరణం వచ్చింది. తమయో మైకు దగ్గర నోరు కదపకుండా నిలబడింది. గొంతు లేకుండానే చరణమంతా సాగి అయిపోయింది. ఆఖరి పాదంలో మాత్రం అందుకుంది, అదీ శ్రుతి కింద. అప్పటికే టీవీలో సబ్బు ప్రకటన వేసేశారని తర్వాత తెలిసింది.

లోపల నడవలో తమయో తల్లి ఎదురుగా నిలబడింది. మెడ దాకా పౌడరు చారలు కట్టింది.

"ఒక్కసారి అనలేకపోయావా? నేను ఏడాది పొడుగునా అన్నాను."

"నోరు రాలేదే తమా."

"నాకు వచ్చిందనుకున్నావా? అనలేనని తెలిస్తే ముందే రానని చెప్పలేకపోయావా?"

"నీ కోసమే ఒప్పుకున్నాను. నిజంగా చేద్దామనే వచ్చాను."

"ఎందుకు వచ్చావమ్మా, వచ్చి నాన్న వైపు నిలబడ్డావు." తమయో గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "తొమ్మిదేళ్ళు పోయాను ఇంట్లోంచి. ఎక్కడ పడుకున్నానో, ఏం తిన్నానో. నాకెప్పుడైనా పళ్ళెం పెట్టావా?"

"నువ్వు... నువ్వు టోక్యోలోనే ఉన్నావు కదే. రైలు ఉంది కదా."

తమయో తల ఊపింది, అర్థమైనట్టు. తల్లి భుజం మీద జారిన శాలువా సర్దింది. తర్వాత నడవ చివరికి వెళ్ళిపోయింది. ఇకెగమి ఫుసాని స్టేషనుకి దింపాడు. దారిలో ఒక్క మాట కూడా కఠినంగా అనలేదు. రైలు కదిలేముందు కిటికీలోంచి చేపల అన్నం పొట్లం అందించాడు. ఆమె తినలేకపోయింది.

ఇల్లు చేరేసరికి కుమె పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. టీవీ చూశానని గానీ చూడలేదని గానీ అనలేదు.

"పెట్టాను" అంది. "మొదటి గరిటే. కానీ మూత తీసి చూడలేదు వదినా. భయమేసింది. నువ్వే చూసుకో."

అప్పటికి చారు ఎప్పుడో చల్లారిపోయింది. ఫుసా మూత తీయకుండానే గిన్నెని వంటింట్లోకి తీసుకెళ్ళింది.

పది రోజులకి కంపెనీ ఇక రికార్డు లేదని తేల్చేసింది. తమయో ఇంటికి రాలేదు. సముద్రం అవతల హోక్కైదో దీవిలో నృత్యశాలలు తిరిగే ఒక బృందంతో పడవెక్కి వెళ్ళిపోయింది. మంచులో ఊరు నుంచి ఊరికి, ఒక్కో చోట మూడేసి రోజులు, ఎవరి పాటలడిగితే వాళ్ళ పాటలు. ఆ సంగతి కూడా కుమెకే ఫోన్ చేసి చెప్పింది.

"అమ్మని పిలవనా, ఒక్క నిమిషం, పక్కనే, అన్నాను. వద్దత్తా, ఫోన్ పెట్టేస్తాను అంది" అని కుమె చెప్పింది. చెప్పి, ఫుసా ముఖం చూడకుండా బల్ల తుడిచింది.

"గొంతెలా ఉంది?"

"జలుబు చేసినట్టుంది."

"ఏ ఊరట?"

"అడిగాను. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకోటి అంది. పేర్లు చెప్పలేదు."

ఫుసా మర్నాడు మధ్యాహ్నం చేతులు కడుక్కుని ఎర్ర ఫోన్ దగ్గరికి వెళ్ళింది. స్టేషన్ అమ్మాయి ఆమె గొంతు పోల్చుకుంది.

"అమ్మా, ఆ రికార్డు వెనక్కి పంపించేశారమ్మా. ఏడాది చివర కదా, పాతవి తీసేస్తారు." ఫోన్ పెట్టేసే ముందు, "మీ చెల్లెళ్ళక్కూడా చెప్పండి" అంది మెల్లగా.

ఏడాది ఆఖరి రోజు పొద్దుటినుంచి మంచు. ఆ సాయంత్రం దేశంలో ప్రతి ఇంట్లోనూ టీవీ ముందు చేరి, ఆ ఏడు గెలిచిన పాటలు వింటారు. కుమె బార్ మూసేసి ఫుసాని రమ్మంది. "నూడుల్స్ చేశాను. ఒక్కదానివీ ఏం కూర్చుంటావు?"

"వస్తాలే. అన్నం పెట్టి వస్తాను."

ఇల్లు చీకటి పడుతోంది. గుడ్డలో చుట్టిన చట్రం అలమర మీద ఉంది, ముడి విప్పకుండానే. చారు తెర్లింది. ఫుసా అలమరలోంచి రెండో గిన్నె తీసింది. ఎర్ర లక్కది, మూత అంచున చిన్న పెచ్చు లేచినది, తమయో బడికి వెళ్ళే రోజుల్లో తిన్నది. గిన్నెలు రెండూ పక్కపక్కన పెట్టుకుంది.

గరిటె ముంచింది. తెర్లుతున్న మొదటి గరిటె ఎర్ర గిన్నెలో పోసి, చప్పున మూత పెట్టింది. మూత మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే నొక్కి పట్టుకుంది, చలి తగలకుండా. పళ్ళెంలో అన్నం, ఊరగాయ, ఒక చేప ముక్క ముళ్ళు తీసి పెట్టింది. తమయోకి ముళ్ళంటే చిరాకు. ఆ పళ్ళెం ఎక్కడ పెట్టాలో తోచలేదు. చివరికి పొయ్యికి దగ్గరగా పెట్టింది.

తర్వాత నల్ల గిన్నె అందుకుంది. అప్పటికి పొయ్యి తగ్గింది. రెండో గరిటె పోసి, మూత పెట్టి, కిటికీ వైపు పెట్టింది. తను తినలేదు. రెండు పళ్ళేల మధ్య కూర్చుంది. పక్కింటి టీవీలో జనం చప్పట్లు కొడుతున్నారు.

కాసేపాగి ఎర్ర మూత తీసింది. లోపల చుక్కలు నిండుగా కట్టి, ఒకదాన్నొకటి తాకి, అంచు వెంట జారాయి. ఒకటి ఆమె మణికట్టు మీద పడింది. వేడిగా ఉంది.

నల్ల మూత మీద చెయ్యి వేసింది. చల్లగా తగిలింది. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అవతల సందులోంచి కుమె పిలుస్తోంది, నూడుల్స్ చల్లారిపోతున్నాయని.

"వస్తున్నా" అంది. మూత అలాగే ఉండనిచ్చి లేచింది.